ఐటీ నుంచి ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీకి మారుతూ మళ్ళీ చదువుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తొమ్మిదేళ్ళు సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేశాక, ఉద్యోగం మానకుండానే సెక్యూరిటీలో మాస్టర్స్ చదివాను. మూడున్నరేళ్ళు పట్టింది. ఇప్పుడు ఇన్సిడెంట్ రెస్పాన్స్ టీమ్‌లో, అంటే దాడి జరిగినప్పుడు రంగంలోకి దిగే టీమ్‌లో ఉన్నాను. ఈ దారిలోకి రావాలనుకునేవాళ్ళు నన్ను దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు, అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. కొన్ని జవాబులు బాగా పొడుగ్గా ఉంటాయి. ఎక్కువమంది డబ్బూ సమయమూ పోగొట్టుకునేది అక్కడే కాబట్టి అలా రాశాను.

ఇన్నేళ్ళ ఐటీ అనుభవం పక్కన పెట్టి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?

వద్దు. అందరికీ మొదట ఇదే చెబుతాను, ఎందుకంటే ఈ భయంతోనే చాలామంది చేతిలో ఉన్నదాన్ని వదిలేసి కొత్తగా ఓనమాలు దిద్దడానికి కూర్చుంటారు.

1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో జరిగిన సంగతి ఒకటుంది. క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకి పరిశోధన నిధులు అయిపోతే, అదే ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసుకునే పనిలో వేశారు. కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది, ఎందుకో చూడమన్నారు. ఇంత చిన్న తేడాయే కదా అని ఆయన వదిలేయలేదు. దాన్ని పట్టుకుని వెళితే బయటి వ్యక్తి ఎవరో సిస్టమ్‌లోకి దూరి, అక్కడి నుంచి మిలిటరీ కంప్యూటర్లలోకి వెళ్తున్నాడని తెలిసింది. చివరికి ఆ జాడ పశ్చిమ జర్మనీ దాకా పోయింది, దొంగిలించిన సమాచారం సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి చేరుతోందని బయటపడింది. అప్పట్లో ఆయన దగ్గర సెక్యూరిటీ డిగ్రీ లేదు. లెక్క ఎలా ఉండాలో మాత్రం తెలుసు, అలా లేనిదాన్ని వదిలేయలేదు.

మీకూ ఉన్నది అదే. సర్వర్లు చూసేవాళ్ళకి ఏ సర్వీసు ఏ అకౌంట్ మీద నడవాలో తెలుసు, నెట్‌వర్క్ వాళ్ళకి ఏ మెషీన్ దేనితో మాట్లాడాలో తెలుసు, డేటాబేస్ వాళ్ళకి ఎవరికి ఎంత యాక్సెస్ ఎక్కువగా ఇచ్చేశారో తెలుసు, కోడ్ రాసేవాళ్ళకి తొందరలో ఏ చెక్ వదిలేశారో తెలుసు. హెల్ప్‌డెస్క్ వాళ్ళని తక్కువగా చూస్తారు గానీ, దొంగ మెయిల్ మీద నొక్కిన మనిషి మొదట ఫోన్ చేసేది వాళ్ళకే. ఆ ఫోన్ కాల్‌ని మామూలు పాస్‌వర్డ్ సమస్య అనుకుంటారా, ఇంకేదో ఉందని అనుమానిస్తారా అన్నదాన్ని బట్టి ఒక సంస్థ నష్టం ఎంతో తేలుతుంది.

సెక్యూరిటీ అంటే హ్యాకింగేనా?

హ్యాకింగ్ అందులో ఒక మూల మాత్రమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన సైబర్ సెక్యూరిటీ ఫ్రేమ్‌వర్క్ 2.0లో ఆరు పనులు చెప్పింది: పాలించడం, గుర్తించడం, కాపాడటం, పసిగట్టడం, స్పందించడం, కోలుకోవడం. వీటిలో పెనెట్రేషన్ టెస్టింగ్‌కి, అంటే అనుమతి తీసుకుని దాడి చేసి లోపాలు వెతికే పనికి దక్కేది చిన్న భాగమే. మిగతాదంతా లాగ్‌లు చూడటం, యాక్సెస్ సరిచేయడం, సాఫ్ట్‌వేర్ లోపాలు సరిచేసే ప్యాచ్‌లు వేయించడం, రిస్క్ లెక్కగట్టడం, ఆడిట్‌కి జవాబు చెప్పడం, దాడి జరిగిన రాత్రి కంగారు పడకుండా పనిచేయడం.

మీ స్వభావాన్ని బట్టి ఎంచుకోండి. రాయడం, మనుషులతో మాట్లాడటం ఇష్టమైతే పాలసీ, ఆడిట్ వైపు మంచి పని ఉంది. అక్కడ సమాచార భద్రతకి అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 27001 లాంటివి చదవాలి, దాని 2022 ప్రతిలో 93 కంట్రోల్స్ (భద్రతా చర్యలు) ఉన్నాయి, అంతకుముందు 114 ఉండేవి. ఎక్కడో ఏదో సరిగ్గా లేదని అనిపిస్తే తేలేదాకా నిద్రపట్టని మనిషైతే డిటెక్షన్ (దాడిని పసిగట్టడం), ఫోరెన్సిక్స్ (జరిగాక ఆధారాలు వెతకడం). ఇన్నాళ్ళూ కోడ్ రాసినవాళ్ళకి అప్లికేషన్ సెక్యూరిటీ కంటే దగ్గర దారి లేదు.

డిగ్రీనా, సర్టిఫికేషనా?

అందరూ అడిగేది ఇదే. నా జవాబు మాత్రం అందరికీ ఒకటి కాదు.

మీకు అసలు బ్యాచిలర్స్ లేకపోతే, లేదా మధ్యలో ఆపేసి ఉంటే, చదువు పూర్తి చేయండి. అది లేకపోవడం వల్ల ముప్పైల్లో తలుపులు మూసుకుపోవడం దగ్గర్నుంచి చూశాను. నాకంటే బాగా పనిచేసే సహోద్యోగి ఒకరు రెండుసార్లు ప్రమోషన్ దాకా వెళ్ళి, కేవలం దరఖాస్తులో ఆ గడి ఖాళీగా ఉందని ఆగిపోయారు. అది న్యాయం కాదు, కానీ ఉన్నదదే.

కంప్యూటర్లకు సంబంధించిన డిగ్రీ ముందే ఉండి, వీలైనంత త్వరగా మొదటి సెక్యూరిటీ ఉద్యోగం కావాలంటే మాత్రం మాస్టర్స్‌తో మొదలుపెట్టకండి. ఒక సర్టిఫికేషన్, ఇంట్లో ల్యాబ్, ఇప్పుడున్న ఉద్యోగంలోనే కొంచెం సెక్యూరిటీ పని, ఈ మూడూ కలిస్తే ముందు దారి తెరుచుకుంటుంది.

మరి మాస్టర్స్ ఎవరికి? పునాదులు కావాలనిపించినవాళ్ళకి. నా విషయంలో జరిగింది అదే. తొమ్మిదేళ్ళ పనిలో నాకు సర్వర్లలో భద్రతా సర్టిఫికెట్లు ఎలా ఇన్‌స్టాల్ చేయాలో వచ్చు గానీ, వాటిని వాడుకుని కనెక్షన్‌ని రహస్యంగా ఉంచే టీఎల్ఎస్ లోపల ఏం జరుగుతుందో ఎవరైనా గుచ్చి అడిగితే తడబడేవాణ్ణి. ఎలా చేయాలో తెలుసు, ఎందుకలా చేయాలో తెలీదు. ఆపరేటింగ్ సిస్టమ్స్, క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్య రూపంలోకి మార్చే శాస్త్రం) కోర్సులు ఆ వెలితి తీర్చాయి. మీకూ అలాంటి వెలితి ఉంటే డిగ్రీ విలువైనది, లేదూ రెజ్యూమేలో ఒక లైన్ కోసమే అయితే అన్ని రాత్రుళ్ళు ధారపోయడం దండగ.

ఇంకో అపోహ కూడా తీర్చాలి. సీఐఎస్‌ఎస్‌పీ అనే సీనియర్ స్థాయి సెక్యూరిటీ సర్టిఫికేషన్‌కి కావాల్సిన అయిదేళ్ళ అనుభవంలో డిగ్రీ వల్ల ఒక్క ఏడాదే మినహాయింపు వస్తుంది. రెండు డిగ్రీలున్నా, డిగ్రీతోపాటు ఇంకో సర్టిఫికేషన్ ఉన్నా ఆ ఒక్క ఏడాదే. కాబట్టి దానికోసమని డిగ్రీలో చేరకండి.

ఏ సర్టిఫికేషన్‌తో మొదలుపెట్టాలి?

చాలామందికి కాంప్‌టియా సెక్యూరిటీ ప్లస్. 90 నిమిషాల పరీక్ష, గరిష్ఠంగా 90 ప్రశ్నలు, 900కి 750 రావాలి. కొన్ని ప్రశ్నల్లో ఆప్షన్ ఎంచుకోవడం కాకుండా ఫైర్‌వాల్ రూల్స్ సరిచేయడం లాంటి పని చేసి చూపించాలి, వాటి దగ్గరే టైమ్ కరిగిపోతుంది, వాటిని చివరికి ఉంచుకోవడం మంచిది. ఆ సర్టిఫికెట్ మూడేళ్ళు చెల్లుతుంది, ఆలోపే రెన్యూ చేసుకోవాలి. నెట్‌వర్కింగ్‌లో గట్టిగా ఉన్న అడ్మిన్‌కి రోజుకు గంట చొప్పున రెండు మూడు నెలల చదువు సరిపోతుంది.

సీఐఎస్‌ఎస్‌పీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఐఎస్‌సీ2 అనే సంస్థ ఇస్తుంది, 1994 నుంచి ఉంది. ఎనిమిది డొమైన్లు (విభాగాలు), వాటిలో కనీసం రెండింటిలో కలిపి అయిదేళ్ళు పనిచేసిన అనుభవం ఉండాలి. ఇది చదివి చాలామంది 'నాకు సెక్యూరిటీ అనుభవం లేదుగా' అని వదిలేస్తారు. ఆ డొమైన్లు ఒకసారి నిదానంగా చదవండి. యూజర్ల యాక్సెస్ చూడటం, నెట్‌వర్క్ భద్రత, బ్యాకప్, ప్యాచింగ్, ఇన్సిడెంట్లు చూడటం, ఇవన్నీ అందులోనివే. ఉద్యోగం పేరులో సెక్యూరిటీ అనే మాట ఉండాలని ఎక్కడా లేదు. నా అడ్మిన్ రోజుల పనిలో సగం దానికి లెక్కలోకి వచ్చింది. అనుభవం ఇంకా చాలకపోతే పరీక్ష ముందే రాసి అసోసియేట్‌గా ఉండొచ్చు, మిగతా అనుభవం సంపాదించడానికి ఆరేళ్ళు గడువిస్తారు.

ఆడిట్ వైపైతే ఇసాకా వాళ్ళ సీఐఎస్ఏ. దానికీ అయిదేళ్ళ అనుభవం అడుగుతారు, కొన్ని మినహాయింపులతో. పెనెట్రేషన్ టెస్టింగ్ వైపైతే ఓఎస్‌సీపీకి మంచి పేరుంది, 23 గంటల 45 నిమిషాల ప్రాక్టికల్ పరీక్ష, దాని తర్వాత రిపోర్ట్ రాయడానికి మరో 24 గంటలు. మొదటి మెట్టుగా మాత్రం దాన్ని పెట్టుకోకండి. నెట్‌వర్క్, లినక్స్ రాకుండా దాని జోలికెళ్ళడం నేల విడిచి సాము చేయడమే.

మంచి మాస్టర్స్ ప్రోగ్రామ్‌ని ఎలా గుర్తుపట్టాలి?

పేరు చూడకండి, సిలబస్ తీయండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్, క్రిప్టోగ్రఫీ, సాఫ్ట్‌వేర్ సెక్యూరిటీ అనే నాలుగూ కనబడాలి, ప్రతిదానికీ చేత్తో చేసే ల్యాబ్ ఉండాలి. అన్నీ మేనేజ్‌మెంట్ పేపర్లే ఉండి పైన సైబర్ అని పేరు పెట్టినవి చాలా ఉన్నాయి. పాలసీ వైపు వెళ్ళేవాళ్ళకి అవి పనికొస్తాయి, టెక్నికల్ పని కోరుకునేవాళ్ళకి నిరాశే మిగులుతుంది. ఇంకోవైపు కొన్ని ప్రోగ్రామ్‌లు సిలబస్‌ని పూర్తిగా టూల్స్ చుట్టూ అల్లుతాయి, ఫలానా స్కానర్, ఫలానా సీమ్ (లాగ్‌లన్నీ ఒకచోట చేర్చి చూసే సాఫ్ట్‌వేర్) అని. టూల్ ఆఫీసులో రెండు వారాల్లో నేర్చుకోవచ్చు, దానికి సెమిస్టర్ ఫీజు కట్టక్కర్లేదు.

పూర్తిగా ఆన్‌లైన్‌లో చేయొచ్చా అంటే చేయొచ్చు. అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ 2014లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ని పెద్ద ఎత్తున ఆన్‌లైన్‌లో మొదలుపెట్టింది, 2019లో సైబర్ సెక్యూరిటీ మాస్టర్స్‌ని కూడా అలాగే తెచ్చింది, దాంట్లో చదివేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగం చేస్తున్నవాళ్ళే. ఎక్కడ చేరినా చేరకముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: డిగ్రీ పూర్తిచేయడానికి గరిష్ఠంగా ఎన్నేళ్ళు ఇస్తారు, ఒక సెమిస్టర్ విరామం తీసుకోవచ్చా, పరీక్షలు ఏ వేళల్లో పెడతారు. మూడోది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆన్‌కాల్ డ్యూటీ ఉన్నవాళ్ళకి అదే అసలు సమస్య.

లెక్కలు మర్చిపోయి పదేళ్ళయింది. క్రిప్టోగ్రఫీ అర్థమవుతుందా?

అవుతుంది. నాకూ ఇదే టెన్షన్ ఉండేది. కావాల్సింది కాలిక్యులస్ కాదు. భాగహారంలో మిగిలే శేషంతో లెక్కలు చేయడం, కొంచెం ప్రాబబిలిటీ, అంతే మొదట్లో.

అందరూ వింటుండగానే ఇద్దరు ఒక రహస్య సంఖ్యకి ఎలా రావచ్చో డిఫీ, హెల్‌మన్ 1976లో బయటపెట్టారు, ఆ పద్ధతిని చిన్న అంకెలతో కాగితం మీద చేసి చూడండి. 23, 5 అనే రెండు అంకెలు అందరికీ తెలిసినవే. ఒకరు రహస్యంగా 6 అనుకుంటారు, ఆరు 5లని ఒకదాంతో ఒకటి గుణించి 23తో భాగిస్తే మిగిలేది 8, అది పంపుతారు. రెండోవారు రహస్యంగా 15 అనుకుంటారు, అలాగే చేస్తే 19 వస్తుంది, అది పంపుతారు. ఇప్పుడు మొదటివారు 19ని తన 6తో, రెండోవారు 8ని తన 15తో అదే లెక్క చేస్తే ఇద్దరికీ 2 వస్తుంది. మధ్యలో వింటున్నవాడికి 23, 5, 8, 19 అన్నీ తెలుసు, ఆ 2 మాత్రం నేరుగా దొరకదు. అంకెలు ఇంత చిన్నవైతే వాడూ ఒక్కొక్కటీ ప్రయత్నించి కనుక్కుంటాడు, నిజంగా వాడేటప్పుడు వందల అంకెల పొడవున్న సంఖ్యలు తీసుకుంటారు, అక్కడ ఆ ప్రయత్నం సాగదు. రోజూ నేను సర్వర్లలో ఆన్ చేసి పెట్టినదాని వెనక ఉన్నది ఇదా అని, చేత్తో మొదటిసారి చేసినరోజు చాలాసేపు ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను. చదువులోకి తిరిగి వచ్చినందుకు దొరికిన సంతోషాల్లో అది పెద్దది.

ప్రోగ్రామింగ్ రాకపోతే?

నేర్చుకోవాలి, తప్పించుకునే దారి లేదు, కానీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ స్థాయి అక్కర్లేదు. పైథాన్‌లో ఒక లాగ్ ఫైల్ తెరిచి, తప్పు పాస్‌వర్డ్ ప్రయత్నాలు ఏ ఐపీ నుంచి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాయగలిగితే మొదలైనట్టే. దాంతోపాటు మీ సిస్టమ్‌ని బట్టి బ్యాష్ గానీ పవర్‌షెల్ గానీ.

ఉద్యోగం, ఇల్లు, చదువు, మూడూ ఎలా కుదురుతాయి?

నేను చేసిన తప్పు చెబుతాను. ఉత్సాహంలో మొదటి సెమిస్టర్‌లోనే రెండు కోర్సులు తీసుకున్నాను. ఏడో వారంలో ఆఫీసులో డేటా సెంటర్ మార్పిడి వచ్చి పడింది, అదే వారం మిడ్‌టర్మ్. రెండు రాత్రుళ్ళు నిద్ర లేదు, పరీక్షలో సులువైన ప్రశ్నలు కూడా తప్పు రాశాను, ఒక కోర్సు వదులుకోవాల్సి వచ్చింది, కట్టిన ఫీజు పోయింది. అన్నిటికంటే బాధపెట్టింది వేరే: ఆ నెలంతా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదని తర్వాత తెలిసింది, అది కూడా వాళ్ళు చెబితేనే.

ఆ తర్వాత ఒక్కసారికి ఒక్క కోర్సే. గట్టి కోర్సుకి వారానికి పన్నెండు నుంచి పదిహేను గంటలు పడుతుంది, అందులో సగం శనాదివారాల్లో, మిగతాది పొద్దున్నే ఆఫీసుకు ముందు. రాత్రి చదవడం నాకు కుదరలేదు, రోజంతా టికెట్లు చూసిన బుర్రకి రాత్రి పదకొండింటికి ఏమీ ఎక్కదు. సెమిస్టర్ మొదలైన రోజే డెడ్‌లైన్లన్నీ ఇంట్లో అందరికీ కనిపించేలా గోడమీద రాసి పెట్టాను. 'ఇంకా ఎన్నాళ్ళిలా' అనే ప్రశ్నకి తేదీ కళ్ళ ముందు ఉంటే ఇంట్లోవాళ్ళ ఓపిక కూడా పెరుగుతుంది, ఇది నిజంగా పనిచేసింది.

నలభై దాటింది. ఆలస్యమైపోయిందా?

లేదు. ఇన్సిడెంట్ మధ్యలో గది నిండా జనం కేకలు వేస్తున్నప్పుడు 'ముందు ఆ మెషీన్‌ని నెట్‌వర్క్ నుంచి తీయండి, ఆఫ్ మాత్రం చేయకండి, మెమరీలో ఉన్నది పోతుంది' అని నెమ్మదిగా చెప్పగలిగే మనిషి కావాలి. ఆ నెమ్మది పుస్తకాల్లో దొరకదు, పాత పనిలో తిన్న దెబ్బల నుంచి వస్తుంది.

ఆఫీసులో చెప్పాలా, దాచాలా?

మేనేజర్ మంచివాళ్ళైతే చెప్పండి, చెప్పి పని అడగండి. పదవి అడక్కండి, పని అడగండి. ప్యాచ్ రిపోర్ట్ నేను చూస్తాను, మూడు నెలలకోసారి యాక్సెస్ రివ్యూ నేను చేస్తాను, బ్యాకప్ నిజంగా రిస్టోర్ అవుతోందో లేదో నేను పరీక్షిస్తాను అనండి. ఎవరూ ఇష్టపడి చేయని పనులివి, కాబట్టి ఎవరూ కాదనరు. 2017 మే నెలలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై అనే ప్రోగ్రామ్ వచ్చి ఆస్పత్రుల నుంచి ఫ్యాక్టరీల దాకా ఆగిపోయాయి కదా, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చేసింది. మధ్యలో దాదాపు రెండు నెలలున్నాయి. ఆ రెండు నెలల్లో ఎవరో ఒకరు కూర్చుని ఏ మెషీన్లకి ప్యాచ్ పడలేదో జాబితా తీసిన చోట ప్రాణం కుదుటపడింది. ఈ పనికి సెక్యూరిటీ అనే పేరు లేకపోయినా అదే సెక్యూరిటీ.

కంపెనీ ఫీజు కడతానంటే తీసుకోండి, కానీ చదువయ్యాక ఎన్నేళ్ళు ఉండాలో, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో ఆ కాగితం పూర్తిగా చదివాకే సంతకం పెట్టండి.

ఇంట్లో ల్యాబ్‌కి ఏం కావాలి?

16 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. ఒకే కంప్యూటర్లో వేరే మెషీన్లని నడిపించే వర్చువల్‌బాక్స్ వేసి, అందులో దాడి టూల్స్ ఉండే ఒక కాలీ లినక్స్, కావాలనే లోపాలతో తయారుచేసిన ఒక మెటాస్ప్లాయిటబుల్, వీలైతే ఒక విండోస్ మెషీన్ పెట్టండి. వెబ్ సెక్యూరిటీకి ఓవాస్ప్ వాళ్ళు సాధన కోసం కావాలనే లోపాలతో చేసిన జ్యూస్ షాప్ సైట్ ఉచితం, పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ కూడా ఉచితమే, రెండూ చాలా బాగుంటాయి. లోపాలున్న మెషీన్లని హోస్ట్ ఓన్లీ నెట్‌వర్క్‌లోనే ఉంచాలి, బయటి ఇంటర్నెట్‌కి తగలనివ్వకూడదు.

ఎక్కువమంది దాడి చేయడం వరకూ నేర్చుకుని ఆగిపోతారు. అక్కడ ఆగకండి. దాడి చేశాక రెండో వైపు వెళ్ళి కూర్చోండి, వైర్‌షార్క్‌లో ఆ ట్రాఫిక్ ఎలా కనిపించింది, లాగ్‌లో ఏ లైన్లు పడ్డాయి, లాగ్‌లు చూసి హెచ్చరించే వాజూ లాంటి దాంట్లో దాన్ని పట్టే రూల్ ఎలా రాయాలి, అది దాడి పద్ధతుల జాబితా అయిన మైటర్ అటాక్ పట్టికలో ఏ టెక్నిక్ కిందికి వస్తుంది అని చూడండి. చూసింది ఒక పేజీ రాయండి. అలాంటి పది పేజీలు నా ఇంటర్వ్యూలో డిగ్రీ కంటే ఎక్కువ మాట్లాడాయి.

ఒక హెచ్చరిక. మీది కాని సిస్టమ్‌ని, రాతపూర్వక అనుమతి లేకుండా, సరదాకి కూడా స్కాన్ చేయకండి. మీ ఆఫీసు నెట్‌వర్క్ అయినా సరే. చాలా దేశాల్లో అది నేరం, ఈ రంగంలో నమ్మకం ఒక్కసారి పోతే తిరిగి రాదు.

సెక్యూరిటీకి మారితే జీతం తగ్గుతుందా?

తగ్గే అవకాశం ఉంది, ముఖ్యంగా సీనియర్ అడ్మిన్ నుంచి ఎస్‌ఓసీ (సెక్యూరిటీ హెచ్చరికల్ని కనిపెట్టుకుని ఉండే టీమ్) మొదటి స్థాయికి వెళ్తే. పైగా షిఫ్టులు. అందుకే వీలైతే మీ కంపెనీ లోపలే మారమంటాను, జీతం, సీనియారిటీ రెండూ నిలబడతాయి. నేనూ అలాగే మారాను.

సెక్యూరిటీ టైటిల్ లేకుండా ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

జరిగిన పని చెప్పండి. 2021 డిసెంబర్‌లో, జావా ప్రోగ్రామ్‌లు లాగ్‌లు రాయడానికి వాడే లాగ్‌ఫోర్‌జే లైబ్రరీలో లోపం బయటపడినప్పుడు, తీవ్రత 10కి 10, మీరు ఐటీలో ఉండే ఉంటారు. మా దగ్గర ఏయే సర్వర్లలో ఆ లైబ్రరీ ఉందో ఎవరికీ తెలీదు, నేను ఫలానా విధంగా వెతికాను, ఇన్ని దొరికాయి, వీటిని ముందు సరిచేశాం, వీటికి వెండర్ ప్యాచ్ వచ్చేదాకా ఇలా అడ్డం పెట్టాం అని చెప్పగలిగితే అది పూర్తి సెక్యూరిటీ అనుభవం. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెడతారో చెప్పండి. ఇప్పుడు నేను ఇంటర్వ్యూలు తీసుకుంటున్నాను, కల్పించి చెప్పేవాళ్ళని పనిలో పెట్టుకోవడానికి నాకు భయం. తెల్లవారుజామున మూడింటికి వాళ్ళు పంపే రిపోర్ట్‌ని నేను నమ్మగలగాలి.

చదువు మధ్యలో ఆపాల్సి వస్తే?

ఆపండి, కానీ మాయమైపోకండి. యూనివర్సిటీకి రాసి అధికారికంగా విరామం తీసుకోండి, అప్పటిదాకా వచ్చిన క్రెడిట్లు ఎన్నేళ్ళు చెల్లుతాయో కనుక్కోండి. చాలాచోట్ల నాలుగైదు కోర్సులైతే గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఇచ్చి పంపే ఏర్పాటు ఉంటుంది, అడిగితేనే చెబుతారు. నా బ్యాచ్‌లో ఒకామె అమ్మగారి అనారోగ్యం వల్ల ఏడాదిన్నర ఆపి, మళ్ళీ వచ్చి మాకంటే రెండేళ్ళ తర్వాత పూర్తిచేశారు. ఆ ఏడాదిన్నరలోనూ నెలకోసారి ఒక ల్యాబ్ చేసి నాకు పంపేవారు, తిరిగి వచ్చినప్పుడు ఆమెకి అంత కష్టమనిపించకపోవడానికి అదే కారణమని ఆమే చెప్పారు.